అద్దం మీద అమ్మవారు

ఏప్రిల్ 27, ఆదివారం

పాత వ్యాను ఈరోజు అసిరయ్యకి ఇచ్చేశాను. కాసిడీహ్‌లో ఇడ్లీ పిండి రుబ్బి సాక్చి బజారు హోటళ్ళకి వేసే మనిషి. పిండి డబ్బాలకి ఆ బండి బోలెడు. బడి పిల్లలకే పనికిరాదు, పాతదైపోయింది, జూన్ నుంచి గేటు దగ్గరకి రానివ్వమని స్కూలు వాళ్ళు చెప్పేశారు. తొమ్మిదేళ్ళు తోలాను దాన్ని. ఊరికే పంపడం ఇష్టం లేక వెనక కొత్త రబ్బరు పట్టా వేసి, ఊడకుండా గమ్ము రాసి మరీ అతికించి ఇచ్చాను. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు అంత?

"నువ్వు తోలిన బండంటే కళ్ళు మూసుకుని తీసుకుంతాను ఉమక్కా" అన్నాడు. నిజంగా కళ్ళు మూసుకున్నట్టే తీసుకున్నాడు. బానెట్ కూడా ఎత్తలేదు. కొనేవాడు చూసుకోకపోతే అమ్మేవాళ్ళదా తప్పు?

ఏప్రిల్ 29

ప్రియ పరీక్ష అట్ట కనబడలేదని ఇల్లు పీకి పందిరేసింది. "మమ్మీ, మేరా ఎగ్జామ్ ప్యాడ్ కహా గయా?" అని నా మీదకొచ్చింది. ఎక్కడ పారేసుకున్నావో అన్నాను. సాయంత్రం కొత్తది కొనిచ్చాను.

మే 4, ఆదివారం

వ్యాను కొన్నాం! నా మెడలో గొలుసు పోయింది గానీ వాకిట్లో బండి నిలబడింది. చిన్నారావన్నయ్య ఇచ్చాడు. మా అత్తకి సొంత మేనల్లుడు, భుయ్యాడీహ్ దగ్గర పాత బండ్లు కొని అమ్ముతాడు. ఇక్కడి తెలుగువాళ్ళ అమ్మవారి గుడి కమిటీకి ప్రెసిడెంటు కూడా. బయటివాళ్ళ దగ్గర కొంటే ముంచేస్తారని అత్త పోరి పోరి అక్కడికే తీసుకెళ్ళింది.

బండి ముందు అద్దం మీద, డ్రైవరు సీటుకి ఎదురుగా, పళ్ళెమంత పైడితల్లి అమ్మవారి బొమ్మ అతికించి ఉంది. అత్త చూడగానే చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టింది. "అమ్మోరే ముందు కూకుంతే ఇంకేటి సూత్తావే?" అంది నాతో. అయినా నేను వదల్లేదు. బ్రేకు తొక్కి లైట్లు చూడమన్నాను. అన్నయ్య బండి వెనక్కెళ్ళి నిలబడి, "ఎలిగింది సెల్లెమ్మా, రెండూ ఎలిగినాయి" అన్నాడు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంజను ఒక్క దెబ్బకి స్టార్టయింది. ఇంకేం కావాలి?

స్కూలు జూన్ పదహారున తెరుస్తారు. ఈలోపు ఆర్టీవో ఆఫీసులో బండి చూపించి ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకుంటే పన్నెండు మంది పిల్లలూ నావాళ్ళే. ఇది పెద్ద పనేమీ కాదు.

మే 14

ఫెయిల్.

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను. ఒక్కటీ మరిచిపోకూడదు.

ఇన్‌స్పెక్టర్ సాబ్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అద్దం ముందు ఆగి, "మేడమ్, యే స్టిక్కర్ హటాయియే" అన్నాడు. అమ్మవారండీ అన్నాను. డ్రైవరు కళ్ళకి అడ్డంగా ఏదీ ఉండకూడదు, దేవుడైనా సరే అన్నాడు. నన్నే తియ్యమన్నాడు. గోటితో అంచు లేపాను, రాలేదు. తడిగుడ్డ పెట్టి, మనసులో లెంపలేసుకుంటూ, అమ్మవారి మొహాన్ని నా చేత్తో పీకాను. కింద పగులు. నా జానెడంత ఉంది, మధ్యలోంచి మూడు కొమ్మలు చీల్చుకుని. ఆ బొమ్మ ఎందుకంత పెద్దదో అప్పుడు తెలిసింది.

తరవాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. వెనక ఎడమవైపు బ్రేకు లైటు వెలగదు. రెండూ వెలిగాయని వెనక నిలబడి చెప్పిందెవరు? టైర్లకి నల్లరంగు పూశాడు గానీ గాట్లు అరిగి చదునైపోయాయి, నాణెం పెట్టి చూస్తే అంచు కూడా మునగలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే ఏటవాలు మీద బండి మెల్లగా జారిపోయింది. వాడి షెడ్డులో నేల చదును, అక్కడ జారదు కదా. స్టీరింగు రెండు వేళ్ళ మేర ఊరికే తిరుగుతోంది, చక్రం కదలదు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే నీలం పొగ. ఆ రోజు నేను వెళ్ళేసరికి బానెట్ వెచ్చగా ఉంది. ముందే స్టార్ట్ చేసి ఉంచాడు! అప్పుడు చెయ్యి పెట్టి చూసి కూడా, ఎండకి వేడెక్కిందిలే అనుకున్నాను. గాడిదని.

పైన పటారం, లోన లొటారం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట.

చిరిగిన అమ్మవారి బొమ్మని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఈ పుస్తకంలోనే, ఈ పేజీలోనే పెట్టాను. అత్తకి చెప్పలేదు, ఎండ తగలకుండా అని అద్దం మీద పాత దుప్పటి కప్పేశాను.

మే 16

వెళ్ళాను. అడిగాను.

"సూసుకునే కదా సెల్లెమ్మా తీసుకున్నావు" అన్నాడు, పళ్ళు కుట్టుకుంటూ.

"బ్రేకు లైటు ఎలిగిందని సెప్పింది నువ్వే కదన్నయ్యా?"

"ఆ రోజు ఎలిగినాది. బల్బు కదా, పోతాది."

"అద్దం సంగతేటి మరి?"

"అమ్మోరి బొమ్మ ముందున్నోడు ఏసుకున్నాడు. దాని కిందనేటుందో నాకేటి తెల్సు? పీకి సూడమంతావేటి?" నా మొహంలోకి చూసి ఆగాడు. "నువ్వు పీకేవేటి కొంపదీసి? అత్తకి తెల్సా?"

వాడు నవ్వాడు. సెకండ్ హ్యాండ్ బండంటే అలాగే ఉంటుందట, అన్నీ కొత్తవి కావాలంటే షోరూముకి వెళ్ళాలట. టీ తాగి వెళ్ళమన్నాడు కూడా!

వాడి నోట్లో మన్ను పడ. ఇకమీద ఈ పుస్తకంలో అన్నయ్య లేడు. చిన్నారావే.

మే 17

నిద్ర లేదు. వాడి షెడ్డు అద్దాలన్నీ పగలగొడితే ఎలా ఉంటుందో అని పొద్దుటిదాకా ఆలోచించాను. బాగానే ఉంటుంది.

మే 20

అసిరయ్య ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పనిలో ఉన్నాను.

మే 21

దొరికింది! పప్పు రుబ్బుతుంటే తట్టింది. జూన్ ఎనిమిదిన అమ్మవారి పండగ. ఘటాలు ఊరేగి వచ్చి గుడి దగ్గర దిగాక బండ్లన్నీ గుడి ముందు వరసగా పెట్టి పూజ చేయిస్తారు. ప్రతి బండి అద్దానికీ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం తిప్పేది ప్రెసిడెంటే. సిద్ధగోరాలో ఉన్న మన తెలుగువాళ్ళందరూ అక్కడే ఉంటారు.

ఆ రోజు ఆ బొమ్మని వాడి చేతే పీకిస్తాను. పీకితే పగులు బయటపడుతుంది. పీకనంటే ఎందుకు పీకడో జనం అడుగుతారు. అమ్మవారి వెనక దాక్కున్నవాడిని అమ్మవారి ముందే బయటికి లాగుతాను. కుక్క కాటుకి చెప్పు దెబ్బ.

మే 22

సాక్చి వెళ్ళి అలాంటి బొమ్మే, అదే సైజుది తెచ్చాను. కానీ కొత్తగా మెరిసిపోతోంది. డాబా మీద ఎండలో పెట్టాను. వెలవాలి.

అసిరయ్య మళ్ళీ ఫోన్. ఎత్తలేదు. పనిలో ఉన్నాను.

మే 25

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి కూర్చుని, "గ్లాసు, బ్రేకులు మనమే సేయించుకుని మళ్ళీ టెస్టుకి పెట్టుకుందుమే" అన్నాడు. సూర్యప్రకాష్ అని ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మనిషికి కోపమే రాదు. అద్దం మార్చేస్తే చిన్నారావు చేసింది కూడా చెత్తలోకి పోతుందన్నాను.

"పదారుకి స్కూలు. అవతల వ్యానువోడు పిల్లల ఇళ్ళ సుట్టూ తిరుగుతన్నాడు. నీకు బండి గావాలా, పగ గావాలా?"

"రెండూ గావాల" అన్నాను.

అన్నం తినకుండా పడుకున్నాడు. పడుకోనీ.

మే 29

బొమ్మ ఎరుపు కాస్త తగ్గింది. ఇంకా వెలవాలి. వాన వస్తే ఆరేసిన బట్టలు వదిలేసి ముందు దాన్నే లోపలికి తెస్తున్నాను. అమ్మవారిని అంత జాగ్రత్తగా చూసుకుంటున్నానని అత్త మురిసిపోతోంది.

జూన్ 2

ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు, వ్యాను రెడీయేనా అని. రెడీయే అన్నాను. పదో తారీఖు దాకా చూస్తామన్నారు.

అసిరయ్య. ఎత్తలేదు.

జూన్ 7

పగులు మీద అతికించాను. సరిగ్గా పాతదానిలాగే ఉంది. మార్చడానికని తెచ్చిన ఇంకో కొత్త బొమ్మ సంచిలో పెట్టుకున్నాను. ప్రియ చూసి, "మమ్మీ, ఆప్ యే క్యూ కర్ రహీ హో?" అంది. పెద్దవాళ్ళు ఎందుకు చేస్తే నీకెందుకన్నాను.

జూన్ 8, ఆదివారం

ముందు గెలిచిన సంగతి రాస్తాను.

పదకొండింటికి ఘటాలు దిగాయి. బండ్ల వరసలో నాది రెండోది. చిన్నారావు పట్టుపంచె కట్టి, మెడలో కండువా, చేతిలో హారతి పళ్ళెం, పెళ్ళికొడుకు లాగున్నాడు. నా బండి దగ్గరికొచ్చి గబగబా బొట్టు పెట్టి జారుకోబోయాడు. పళ్ళెం అంచు పట్టుకున్నాను.

"అన్నయ్యా, ఎండకి అమ్మోరి బొమ్మ ఎలిసిపోనాది. కొత్తది తెచ్చాను. ప్రెసిడెంటువి, నీ సేత్తో మార్సు."

వాడి మొహం చూడాలి! నెత్తురు చుక్క లేదు. ఆ బొమ్మ నేనెప్పుడో పీకానని తెలుసు, మళ్ళీ అక్కడికి ఎలా వచ్చిందో తెలీదు. "ఇప్పుడెందుకు సెల్లెమ్మా, పూజ టైములో" అని నసిగాడు. నా పక్కనే అత్త. పాపం ఆవిడకేమీ తెలీదు. "మార్సరా సిన్నారావా, ఎలిసిపోయిన అమ్మోరేటి బండికి, నీ మేనత్త సెప్తంది కదా!" అని గట్టిగా అరిచింది. ఆ మాటకి అందరూ ఇటు తిరిగారు.

ఇక తప్పించుకోలేకపోయాడు. అంచు లేపాడు. నేను గమ్ము తక్కువే పెట్టాను, సర్రున వచ్చేసింది. పగులు ఎండలో తళతళమంది. వెనక ఎవరో "అరె, శీషా తో టూటా హై!" అన్నారు.

"నాను కొన్ననాటి నుంచీ ఉంది" అన్నాను. "కర్పూరం మీద సెయ్యి పెట్టి, ఈ పగులు సంగతి నాకు తెలీదని సెప్పన్నయ్యా. సాలు. ఇంకేటీ అడగను."

కర్పూరం వెలుగుతోంది. వాడు చెయ్యి పెట్టలేదు. తల ఎత్తలేదు. పళ్ళెం వైపే చూస్తూ, "గ్లాసు నానే ఏయిత్తాను. బ్రేకులూ, టైర్లూ" అన్నాడు. వినబడలేదన్నాను. మళ్ళీ చెప్పించాను. అందరికీ వినబడేలా మూడోసారి కూడా చెప్పించాను.

అప్పుడు నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. జనం వైపు తిరిగి, "లోపం తెల్సుండి నోరు మూసుకుని అమ్మినోడు దొంగకన్నా ఎదవ. దొంగ మనల్ని అన్నా అక్కా అని పిలవడు" అన్నాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. చిన్నారావు పెళ్ళాం మొహం దించుకుంది. నా కడుపు చల్లబడింది. నెల రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

ఇదీ గెలిచిన సంగతి.

వరసలో నా వెనక బండి నా పాత వ్యానే. నేను చూసుకోలేదు. అసిరయ్య దిగి, చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"బాగా సెప్పావక్కా. అందుకే నాను నీ బండి కొన్నాను. నువ్వయితే ఇలాటిది సెయ్యవు."

వెనక సీట్లో వాడి పెళ్ళాం వరహాలమ్మ. కుడి పాదం నుంచి మోకాలి కింద దాకా కట్టు. అందరూ చూస్తున్నారు, అడగక తప్పలేదు. ఏమైందన్నాను.

"పిండి డబ్బాలు పట్టుకుని ఎనకాల కూకుంది. బండి ఎల్తుండగానే కాళ్ళ కిందన రేకు దిగిపోనాదక్కా. పాదం రోడ్డుకి రాసుకుపోనాది. ఎనిమిది కుట్లు. బండికి దిష్టి తగిలినాది. నువ్వు తోలినన్నాళ్ళూ ఏటీ కాలేదు కదా? నువ్వు నిమ్మకాయలు ఎలగ కట్టేదానివో అడుగుదామనే ఫోన్ సేత్తన్నాను. పనిలో ఉన్నావు కామోసు." పసుపు గిన్నె నా చేతిలో పెట్టాడు. "నీ సెయ్యి మంచిది. నీ సేత్తో ఓ బొట్టు పెట్టక్కా."

పెట్టాను. వరహాలమ్మ లోపల్నుంచి రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది.

చిన్నారావు చూస్తూనే ఉన్నాడు.

జూన్ 9

రేకు తుప్పు పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది? నెల చాలు. మేలో రెండు వానలు పడ్డాయి కదా. పిండి నీళ్ళు కూడా కారుతుంటాయి. వాళ్ళు సరిగ్గా తుడవరేమో.

ఇచ్చిన రోజున గట్టిగానే ఉంది. నేను తొక్కి చూశాను.

జూన్ 11

చిన్నారావు మనిషి వచ్చి అద్దం మార్చాడు. కొత్త టైర్లు. బ్రేకులు విప్పి కట్టారు. స్టీరింగు, ఎడమ బ్రేకు లైటు, ఇంజను పొగ అన్నీ సరిచేశారు. సీటు బెల్టు కూడా వేశారు, అది నేను అడగనే లేదు. నేను స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని ప్రతి నట్టూ చూశాను. ఇకమీద నన్నెవరూ మోసం చెయ్యలేరు.

జూన్ 13

పాస్. ఇన్‌స్పెక్టర్ సాబ్ వంగి బండి కింద లైటు వేసి చూశాడు. వెనక పట్టా ఎత్తి, రేకు మీద సుత్తి పిడితో తట్టాడు. టంగ్‌మంది. గాడీలో అందరూ ఇంజను చూస్తారు గానీ కాలి కింద ఎవరూ చూడరని హిందీలో అన్నాడు. అవునన్నాను.

కాగితం చేతికొచ్చింది. పన్నెండు మందిలో పది మంది మిగిలారు. చాలు. అత్త పాయసం వండింది. నేను తినలేకపోయాను, మధ్యాహ్నం ఏదో తిన్నాను, పడలేదు.

జూన్ 15, ఆదివారం

సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి అత్త వాకిట్లో కూర్చుని ఉంది. "అసిరయ్య వచ్చి ఎల్లేడు. ఎంత రమ్మన్నా లోనకి రాలేదు. పట్టా ఎత్తి ఎల్డింగు సేయిత్తంటే దొరికిందంట. పాపది మా బండిలో ఉండిపోనాది, ఇచ్చీమన్నాడు" అని ఇచ్చింది.

ప్రియ పరీక్ష అట్ట. మధ్యకి విరిగిపోయి ఉంది, పాదం దిగినంత మేర. ఒక పక్క పట్టా గమ్ము ఎండిపోయి అంటుకుని ఉంది, ఇంకో పక్క తుప్పు. మూలన నా చేతిరాత. 'ప్రియ, 9-బి'. హిందీలో పడి తెలుగు అక్షరాలు మరిచిపోతుందని ఆ పేరు తెలుగులో నేనే రాశాను. అసిరయ్యకి తెలుగు చదవడం వచ్చు.

"బండిలోకి అట్టెలగ ఎల్లిందే?" అని అత్త అడిగింది. ప్రియ గుమ్మంలో నిలబడి నా వైపు చూస్తోంది.

ఏప్రిల్ ఇరవై ఆరు. శనివారం. రేకులోంచి కింద వాకిలి కనబడింది. చెయ్యి పెడితే దూరింది. వెల్డింగుకి ఇస్తే రెండు రోజులు పట్టేది, అసిరయ్య మర్నాడే వస్తానన్నాడు. అట్ట పెట్టాను. దాని మీద పట్టా వేశాను. గమ్ము రాశాను. పైనుంచి తొక్కి చూశాను. గట్టిగానే ఉందనుకున్నాను.

ఇది ఆ రోజు రాయలేదు.

వాడికి గుడి దగ్గరే తెలిసుంటే బాగుండేది. కర్పూరం పట్టుకొచ్చి అందరి ముందూ నన్ను అడిగి ఉంటే బాగుండేది. నాకు తిట్లు వచ్చు, ఎదురు చెప్పడం వచ్చు, ఏదో ఒకటి అనేదాన్ని. వాడు పాపదని చెప్పి ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

జూన్ 16, సోమవారం

స్కూలు తెరిచారు. బండి బాగా నడిచింది. పది మందీ ఎక్కారు. వెనక కూర్చున్న చిన్నపిల్ల కాళ్ళు ఆడిస్తూ నేలని తన్నుతూనే ఉంది, ఆపమని అరిచాను. ఏడ్చింది.

ఇంటికొచ్చి అసిరయ్యకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పనిలో ఉన్నాడేమో.

మధ్యాహ్నం చేశాను. ఎత్తలేదు.

పిల్లల్ని దింపి వస్తూ కాసిడీహ్ మలుపు దగ్గర బండి ఆపి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వాళ్ళ ఇల్లు అక్కడికి వంద అడుగులు. దిగలేకపోయాను.

నేను ఎత్తనప్పుడు నాకు ఏ పనీ లేదు.